ఖాదర్‌పేట సర్‌ప్లస్ మార్కెట్: పిల్లల బట్టలకు వెళ్లండి, లేబుల్ చదివి కొనండి

ఒంగోల్లో చిన్నపిల్లల బట్టల షాపు మాది, సరుకు చాలావరకు తమిళనాడులోని తిరుప్పూర్ నుంచే తెచ్చుకుంటాం. విదేశీ ఆర్డర్లకి కుట్టగా మిగిలిపోయిన సరుకు, అంటే సర్‌ప్లస్, అమ్మే మార్కెట్ అక్కడి ఖాదర్‌పేట. ఈమధ్య కొత్తగా షాపు పెట్టేవాళ్లు, ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో అమ్ముకునే ఆడవాళ్లు "అక్కడ ఎక్స్‌పోర్ట్ సరుకు కిలోల లెక్కన ఇస్తారట కదా, వెళ్లచ్చా, మోసం ఉంటుందా" అని తెగ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే వివరంగా రాసిపెడితే అందరికీ పనికొస్తుందని ఈ రివ్యూ. వెళ్లచ్చు, తప్పకుండా వెళ్లండి. కాకపోతే ఖాదర్‌పేటలో బేరమాడటం కంటే బట్ట లోపల కుట్టిన తెల్ల లేబుల్ చదవడం ముఖ్యం. ఆ బట్ట ఏ దేశం కోసం కుట్టారు, ఏ టెస్టులు దాటి వచ్చింది, ఎందుకు మిగిలిపోయి ఉంటుంది అన్నవన్నీ అక్కడే తెలుస్తాయి. షాపువాళ్లు చెప్పరు, చాలామందికి తెలియదు కూడా.

శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా తిరుప్పూర్‌లో దిగచ్చు, స్టేషన్ నుంచి ఖాదర్‌పేట దగ్గరే. ఇరుకు సందులు, వాటి నిండా షాపులు, గుమ్మం దాకా పాలిథిన్ కవర్లలో పేర్చిన బట్టలు. తమిళం రాదని టెన్షన్ పడకండి, ఆ ప్రాంతంలో ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి, మన మాట వినగానే తెలుగులోకి మారిపోయే షాపువాళ్లు తగులుతూనే ఉంటారు.

సర్‌ప్లస్ అని అమ్మేదంతా ఒకే రకం కాదు. బయ్యర్, అంటే ఆర్డరిచ్చే విదేశీ కంపెనీ, 10 వేల పీసులు ఆర్డరిస్తే కటింగ్‌లో, కుట్టులో కొంత పోతుందని ఫ్యాక్టరీవాళ్లు నాలుగు పీసులు ఎక్కువే కట్ చేస్తారు, షిప్‌మెంట్ వెళ్లాక మిగిలినవి ఇక్కడికొస్తాయి. ఇవి అన్నిటికంటే మంచివి, కాని సైజులు కలవవు. ఇంకో రకం, ఆర్డర్ మొత్తం క్యాన్సిల్ అయినదో, షిప్‌మెంట్ లేటయి బయ్యర్ వద్దన్నదో. ఇందులో సైజులు, రంగులు సెట్‌గా దొరుకుతాయి, షాపు నడిపేవాళ్లకి ఇదే కావాలి. మూడోది ఇన్‌స్పెక్షన్‌లో ఫెయిలైన సరుకు, దాన్ని సెకండ్స్ అంటారు, కుట్టు వంకరపోయిందో, షేడ్ తేడా వచ్చిందో, నూనె మరక ఉందో చూసుకోవాలి. నాలుగోది అసలు ఎక్స్‌పోర్టే కాదు, లోకల్‌గా కుట్టి ఏదో ఒక విదేశీ పేరు ప్రింట్ చేసి సర్‌ప్లస్ అని కలిపేస్తారు. షాపులోకి వెళ్లగానే ఈ నాలుగింటిలో ఏది అని సూటిగా అడగండి. మంచి షాపువాళ్లు దాచకుండా చెప్తారు, "అన్నా, ఇది సెకండ్స్, చూసి తీసుకోండి" అని ముందే చెప్పే ఒకాయన దగ్గరే ఇప్పటికీ నేను ఎక్కువ కొంటాను.

లేబుల్ అంటే ఏం చూడాలో ఒక పీసుతో చెప్తాను. ఈమధ్య తెచ్చిన లాట్‌లో నాలుగైదేళ్ల పిల్లల నైట్‌సూట్ ఒకటుంది, లేత పసుపు రంగు, మీద చిన్న చిన్న నక్కల ప్రింటు, మెత్తని ఇంటర్‌లాక్ బట్ట. మెడ దగ్గర బ్రాండ్ పేరు ఉన్నచోట కత్తెరతో కోసేశారు. దీన్నే కట్ లేబుల్ అంటారు, తన పేరుతో బయట అమ్మకూడదని బయ్యర్ పెట్టే షరతు, దాన్ని చూసి అనుమానపడక్కర్లేదు. పక్క కుట్టులో మాత్రం శాటిన్ లేబుల్ ఆకులు ఆకులుగా అలాగే ఉంది: 100 శాతం కాటన్ అని ఐదారు భాషల్లో, ఉతికే గుర్తులు, వయసు, 110 సెంటీమీటర్ల ఎత్తు. ఒక ఆకు మీద ఎర్ర అక్షరాలతో కీప్ అవే ఫ్రమ్ ఫైర్ అని ఉంది. అది బ్రిటన్‌కి కుట్టిన బట్ట అని అక్కడే తెలిసిపోతుంది, పిల్లల పైజామాలు నిప్పు తగిలితే తొందరగా అంటుకుంటాయా లేదా అన్నది కొనేవాళ్లకి తెలియాలని 1985లోనే అక్కడ రూలు పెట్టారు. అదే అమెరికాకి కుట్టిన పిల్లల కాటన్ నైట్‌సూట్ అయితే ఒంటికి బిగుతుగా ఉండేలా కొలతలు పెట్టి, పసుపు రంగు ట్యాగ్ తగిలిస్తారు, వదులుగా ఉన్న బట్ట తొందరగా అంటుకుంటుందని. మన ఊళ్లలో అమ్మే పిల్లల నైట్‌డ్రెస్సుల మీద ఇలాంటి మాట నేనెప్పుడూ చూడలేదు. గ్యాస్ పొయ్యి, దీపావళి, దేవుడి గదిలో దీపం అన్నీ ఉన్న ఇళ్లు మనవి.

ఆ నైట్‌సూట్ మీద మేడ్ ఇన్ ఇండియా అని ఎక్కడా లేదు. దాన్ని చూసి నకిలీ అనుకునేవాళ్లున్నారు, కాదు. బట్టలో ఏ నూలు ఎంత శాతమో చెప్పాలని బ్రిటన్, యూరప్ చట్టాలు బలవంతపెడతాయి కాని ఏ దేశంలో కుట్టారో రాయాలని పట్టుపట్టవు. అమెరికా పట్టుపడుతుంది. కాబట్టి దేశం పేరు, పక్కన ఆర్‌ఎన్ అని కొన్ని అంకెలు ఉంటే అమెరికా సరుకు. ఆ నంబరు అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇచ్చేది, ఆన్‌లైన్‌లో కొడితే ఏ కంపెనీదో వచ్చేస్తుంది, బ్రాండ్ లేబుల్ కోసేసినా సరే. ఇంగ్లిష్, ఫ్రెంచ్ రెండూ ఉండి సీఏ అని నంబరుంటే కెనడాది.

పిల్లల బట్టల విషయంలో సర్‌ప్లస్‌కి నేను ఎక్కువ మార్కులు వేయడానికి కారణం ఇదే. చిన్నపిల్లల హుడీ తీసుకోండి, ఎక్స్‌పోర్ట్ పీసులో టోపీ దగ్గర తాడు ఉండదు, ఎక్కడైనా తగులుకుని మెడకి బిగుసుకుంటుందని యూరప్‌లో, అమెరికాలో దాన్ని ఒప్పుకోరు. లోకల్ పీసుకి పొడుగాటి తాడు, దాని చివర ప్లాస్టిక్ ముక్క, చూడ్డానికి బాగుంటుందని. అమెరికాలో 2008 చట్టం వచ్చాక పిల్లల బట్టల బటన్లు, జిప్పుల్లో సీసం 100 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో వంద, దాటకూడదు. రంగుల్లో ఆజో డైలనే రసాయన రంగుల్లో హాని చేసే కొన్ని రకాలు వాడకూడదన్న రూలు 1990ల్లో జర్మనీ మొదలుపెట్టింది, మన దేశమూ 1997లో నిషేధించింది, కాని ఎక్స్‌పోర్ట్ ఆర్డర్‌కి ల్యాబ్ రిపోర్ట్ లేకుండా సరుకు కదలదు, లోకల్ సరుకుకి రిపోర్ట్ అడిగేవాళ్లు లేరు. తేడా అంతా అక్కడుంది. పైగా అక్కడి పిల్లల కోసం పెట్టిన ఈ రూళ్లన్నీ పాటించి కుడుతున్నది మన తిరుప్పూర్‌లోని మనుషులే, అదే చేతులు, అవే మిషన్లు. కాబట్టి మనవాళ్లకి చేతకాదన్న మాటే లేదు, మన పిల్లలకి కూడా అలాగే కుట్టమని గట్టిగా అడిగేవాళ్లే కావాలి. మా షాపులో లోకల్ హుడీ కొంటే తాడు తీసేసి ఇస్తాను.

ఇక ధర. ఎప్పుడు సరుకు ఎక్కువ దొరుకుతుంది, ఎప్పుడు దొరకదు అన్నది తిరుప్పూర్ చేతిలో లేదు. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచింది. కాటన్ టీషర్టు మీద ఎప్పట్నుంచో ఉన్న 16.5 శాతం దీనికి వేరే. అంటే పది డాలర్ల టీషర్టుకి సుమారు ఆరున్నర డాలర్లు సుంకమే. అదే సమయంలో బంగ్లాదేశ్, వియత్నాంలకి అదనం 20 శాతం. ఇక అమెరికా బయ్యర్ ఎవరి దగ్గరికి వెళ్తాడో చెప్పక్కర్లేదు కదా. ఉన్న ఆర్డర్లకి డిస్కౌంట్ అడిగారు, కొన్ని హోల్డ్‌లో పెట్టమన్నారు. ఆ నెలల్లో ఖాదర్‌పేటలో అమెరికా లేబుల్ సరుకు బాగా కనిపించింది, సెట్ సైజుల్లో. కొనేవాడికి లాభమే, నేనూ కొన్నాను. కాని అదే వీధిలో టీ తాగుతుంటే పక్కన కూర్చున్న టైలర్లు ఓవర్‌టైమ్ లేదని, వారంలో కొన్ని రోజులే పని ఉందని మాట్లాడుకుంటున్నారు, ఆ చవక ఎక్కణ్నుంచి వచ్చిందో వాళ్లని చూస్తే తెలుస్తుంది. తర్వాత ఆ రేటు మారింది, కాని అలా ఒక్క కాగితంతో మారిపోవచ్చన్న భయం మాత్రం ఫ్యాక్టరీల్లో అలాగే ఉంది.

యూరప్ సంగతి వేరు, అక్కడ తేడా నెమ్మదిగా కోసింది. టీషర్టు మీద యూరప్ మామూలు సుంకం 12 శాతం, రాయితీ ఉన్న ఏళ్లలో కూడా మనం 9.6 శాతం కట్టాం. బంగ్లాదేశ్ మాత్రం బాగా వెనకబడిన దేశాల జాబితాలో ఉంది కాబట్టి 2001 నుంచి సున్నా. పైగా 2011లో యూరప్ ఇంకో వెసులుబాటు ఇచ్చింది, బట్ట ఎక్కడిదైనా సరే, కుట్టు బంగ్లాదేశ్‌లో జరిగితే చాలు, సున్నా సుంకం వర్తిస్తుంది. బట్టల వ్యాపారంలో పది శాతం అంటే మొత్తం లాభం కంటే ఎక్కువ. అందుకే నేత, రంగు, కుట్టు అన్నీ ఒకే ఊళ్లో ఉన్న తిరుప్పూర్‌ని కాదని మామూలు టీషర్టు ఆర్డర్లు ఢాకా వైపు వెళ్లాయి, మనకి పిల్లల బట్టలు, ప్రింట్లు, ఎంబ్రాయిడరీ ఉన్న చిన్న ఆర్డర్లు మిగిలాయి. ఖాదర్‌పేటలో పిల్లల సరుకు అంత బాగా దొరకడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

ఇప్పుడు ఆ లెక్క మారబోతోంది. బ్రిటన్‌తో 2025 జూలై 24న ఒప్పందం సంతకమైంది. యూరప్‌తో 2007లో మొదలై 2013లో ఆగిపోయి 2022లో మళ్లీ అందుకున్న చర్చలు 2026 జనవరి 27న ముగిశాయి. ఇవి పూర్తిగా అమలైతే మన బట్టలకీ సుంకం సున్నా. అటు బంగ్లాదేశ్‌ని వెనకబడిన దేశాల జాబితా నుంచి తప్పించడానికి ఐక్యరాజ్యసమితి పెట్టిన తేదీ 2026 నవంబర్ 24, ఆ తర్వాత కూడా యూరప్ మూడేళ్లు గడువిస్తుంది. కాబట్టి రాబోయే రోజుల్లో ఖాదర్‌పేటలో బ్రిటన్, యూరప్ లేబుళ్లు పెరుగుతాయని నేను లెక్కేసుకుంటున్నాను, షాపు పెట్టేవాళ్లు సైజు చార్టు ఇప్పట్నుంచే యూరప్ కొలతలకి అలవాటు చేసుకోండి. వాళ్లు వయసు కంటే ఎత్తు సెంటీమీటర్లలో చూస్తారు, మన పిల్లలకి అదే సరిగ్గా కుదురుతుంది.

మధ్యమధ్యలో మేడ్ ఇన్ బంగ్లాదేశ్ లేబుల్ ఉన్న పీసులు కూడా ఇక్కడ కనపడతాయి, చూసి ఆశ్చర్యపోకండి. 2011లో మన ప్రభుత్వమే వాళ్ల రెడీమేడ్ బట్టలకి సుంకం ఎత్తేసింది. 2025 మే 17 నుంచి మాత్రం అవి నవా షేవా, కోల్‌కతా రేవుల ద్వారానే రావాలని ఆంక్ష పెట్టారు. అంతకు నెల ముందు బంగ్లాదేశ్ మన నూలు భూమార్గంలో రాకుండా ఆపింది. దీని దెబ్బ మనకి కూడా తగిలింది, ఎందుకంటే గుంటూరు వైపు స్పిన్నింగ్ మిల్లుల నూలు బంగ్లాదేశ్‌కీ వెళ్తుంది. మన పత్తి, మన నూలు, వాళ్ల కుట్టు, యూరప్ కొట్టు. సరిహద్దులో ఒక గేటు మూస్తే గుంటూరు మిల్లులో స్టాకు పేరుకుంటుంది. అచ్యుతాపురంలో బ్రాండిక్స్ బట్టల కంపెనీలో పనిచేసే మన అమ్మాయిలకీ ఇదే వర్తిస్తుంది. కంపెనీ శ్రీలంకది, 2010లో పోగొట్టుకున్న యూరప్ రాయితీ శ్రీలంక 2017లో తిరిగి తెచ్చుకుంది, అయినా అచ్యుతాపురంలో కుట్టిన బట్టకి అది రాదు. యజమాని ఎవరన్నది కాదు, ఎక్కడ కుట్టారన్నదే లెక్క.

ఈ మార్కెట్‌లో నాకు నచ్చనిది, చాలా కోపం తెప్పించేది ఒకటుంది. ఆర్గానిక్ పేరు. ఒక షాపులో, పేరు వద్దు, చంటిపిల్లల జుబ్బాలు చూపించి "ఆర్గానిక్ కాటన్ అన్నా, జీఓటీఎస్ సరుకు" అని మామూలు ధరకి సగం ఎక్కువ చెప్పాడు. ఆకు బొమ్మ ఉన్న అట్టముక్క ట్యాగ్ కూడా ఉంది. జీఓటీఎస్ అంటే ఆర్గానిక్ బట్టలకిచ్చే అంతర్జాతీయ సర్టిఫికెట్. లైసెన్స్ నంబర్ ఏదీ అంటే లేదు. నిజమైన జీఓటీఎస్ లేబుల్ మీద లైసెన్స్ నంబరు, తనిఖీ చేసిన సంస్థ పేరు రెండూ ఉండాలి, వాళ్ల వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు, ఆర్గానిక్ అని రాయాలంటే కనీసం 95 శాతం ఆర్గానిక్ నూలు ఉండాలి. నంబరు లేదంటే "అందరూ ఇలాగే అమ్ముతారు, మీరు కూడా అలాగే అమ్మండి" అన్నాడు. చంటిబిడ్డ ఒంటికి వేసే బట్ట మీద అబద్ధం రాసి అమ్మమంటున్నాడు, లేచి వచ్చేశాను. 2020లో మన దేశంలోనే సుమారు 20 వేల టన్నుల పత్తికి దొంగ సర్టిఫికెట్లు పుట్టించారని జీఓటీఎస్ వాళ్లే బయటపెట్టారు. ఆ దెబ్బ తగిలేది నిజంగా మందులు కొట్టకుండా, దిగుబడి తక్కువైనా ఓర్చుకుని పండించే రైతుకి, అతని మాట ఇక ఎవరు నమ్ముతారు? ఖాదర్‌పేటలో కొన్న బట్టని ఆర్గానిక్ అని ఎప్పుడూ అమ్మకండి. ఫ్యాక్టరీలో అది నిజంగా ఆర్గానికే అయినా, లేబుల్ కోసేశాక నిరూపించే కాగితం మీ దగ్గర ఉండదు. ఓకో టెక్స్ స్టాండర్డ్ 100 ట్యాగ్ ఉంటే అది వేరే, దానర్థం హానికర రసాయనాలకి టెస్ట్ చేశారని, ఆర్గానిక్ అని కాదు. దాని మీద నంబరు కూడా వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

కాగితాల గోల ఎంత పెరిగిందో ఫ్యాక్టరీలో పనిచేసే తెలిసినాయన చెప్తుంటాడు. 2022 జూన్ నుంచి అమెరికాలో చైనాలోని షిన్జియాంగ్ పత్తి వాడిన బట్టలని వెట్టిచాకిరీ సరుకు కింద లెక్కగట్టి ఆపేస్తున్నారు, కాదని నిరూపించుకోవాల్సింది దిగుమతి చేసుకునేవాడే. దాంతో బయ్యర్ ఫ్యాక్టరీని, ఫ్యాక్టరీ మిల్లుని, మిల్లు పత్తిలో గింజ తీసే జిన్నింగ్‌వాళ్లని బేలు నంబర్ల దాకా అడుగుతున్నారు. యూరప్‌లో ఇంకో అడుగు ముందుకేసి, బట్ట పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ఒక డిజిటల్ పాస్‌పోర్ట్ ఉండాలంటున్నారు, అమ్ముడుపోని బట్టల్ని పెద్ద కంపెనీలు తగలబెట్టకుండా 2026 జూలై 19 నుంచి నిషేధం. ఇవన్నీ మంచి రూళ్లే, నేను వీటికి వ్యతిరేకం కాదు. తిరుప్పూరే దానికి సాక్ష్యం. నొయ్యల్ నది రంగునీళ్లతో చచ్చిపోయాక, ఒరత్తుపాళయం డ్యామ్ కింద పొలాలు పాడయ్యాక, 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు డైయింగ్ యూనిట్లు మొత్తం మూసేయమంది. చుక్క నీరు బయటికి వదలకుండా శుద్ధి చేసి మళ్లీ వాడుకుంటేనే తెరవాలంది. ఊరు మునిగిపోతుందన్నారు, మునగలేదు, నేర్చుకున్నారు. ఖర్చు పెరిగింది, ఆ ఖర్చు ఇక్కడివాళ్లే మోశారు. నా బాధ అక్కడే. బయ్యర్ సర్టిఫికెట్ కావాలంటాడు, ఆడిట్ కావాలంటాడు, సోలార్ పెట్టమంటాడు, చివర్లో పీసుకి పది సెంట్లు తగ్గించమంటాడు. దిండిగల్‌లో మహిళా కార్మికులపై వేధింపులు ఆపడానికి 2022లో యూనియన్‌తో కుదిరిన ఒప్పందంలో ఎచ్‌ అండ్ ఎం, గ్యాప్, పీవీఎచ్ అనే విదేశీ బట్టల కంపెనీలు కూడా చేరాయి, అలా బ్రాండ్ కూడా సంతకం పెట్టి బాధ్యత పడితేనే రూలుకి బలం. లేకపోతే కాగితం ఫ్యాక్టరీ మెడకి, లాభం కొట్టువాడికి.

సరే, కొనేవాళ్లకి మిగతా సంగతులు. పిల్లల నైట్‌సూట్లు, రాంపర్లు, టీషర్టులకి ఖాదర్‌పేటకి 10కి 8 వేస్తాను. పెద్దవాళ్ల టీషర్టులకి 6, ఎందుకంటే లోకల్ కలిపేది వాటిలోనే ఎక్కువ. జీన్స్, షర్టులకి అసలు వెళ్లకండి, ఇది బనియన్ బట్ట ఊరు. ఒక బండిల్ విప్పి పై పీసే కాదు, మధ్యలోంచి లాగి చూడండి. సైడు కుట్టు పట్టుకుని కొద్దిగా సాగదీస్తే దారం తెగకూడదు, తడి చేతిరుమాలుతో ముదురు రంగు మీద రుద్దితే రంగు అంటకూడదు. జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు బట్ట బరువు, 180 గ్రాములని చెప్తే నమ్మకుండా తూకం వేయించండి, అక్కడ ప్రతి షాపులో కాటా ఉంటుంది. కిలోల లెక్కన కొనేటప్పుడు చిన్న సైజులు ఎక్కువ వస్తే పీసు ధర బాగా తగ్గుతుంది, ఆ లెక్క ముందే వేసుకోండి.

బిల్లు మాత్రం వదలకండి. బిల్లు లేకపోతే తగ్గిస్తామంటారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు పీసులకి జీఎస్‌టీ 5 శాతమే, దాని కోసం ఆశపడి బిల్లు లేకుండా తెస్తే దారిలో చెకింగ్‌లో పట్టుకుంటే సరుకు ఆగిపోతుంది, మార్చుకోవాలన్నా మీ దగ్గర ఆధారం ఉండదు. పార్సిల్ లారీ ఆఫీసులు దగ్గర్లోనే ఉన్నాయి, బండిల్ మీద మీ పేరు, ఊరు పెద్ద అక్షరాలతో ఇంగ్లిష్‌లో రాయించి, ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ ఫోటో తీసుకుని రండి.